ఒక ప్లేటు బాతు నూడుల్స్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సింగపూర్ గురించి ఓ పావుగంట మాట్లాడవోయ్, పిల్లలకి పనికొచ్చేట్టు ఉండాలి" అన్నారు. ఆకాశాన్నంటే భవనాలు, అద్దంలాంటి రోడ్లు, పెద్ద విమానాశ్రయం, ఇవన్నీ మీరు ఫోన్లలో చూసేశారు. ఇక్కడున్నవాళ్ళలో సగం మంది పిల్లల దగ్గరకు వెళ్ళి స్వయంగా చూసి వచ్చారు కూడా. అందుకని నేను ఒక ప్లేటు నూడుల్స్ గురించి చెబుతాను. బాతు మాంసం వేసిన నూడుల్స్. శాకాహార మిత్రులు ఈ పావుగంటా నన్ను భరించాలి. భోజనాల దగ్గర మీకు ముందు వడ్డించమని ఇప్పుడే చెప్పి వచ్చాను.

ముందు అది దొరికే చోటు చెప్పాలి. సింగపూర్లో దాన్ని హాకర్ సెంటర్ అంటారు. పైన కప్పు ఉంటుంది, చుట్టూ గోడలుండవు, ఏసీ ఉండదు. పంకాలు గిరగిరా తిరుగుతుంటాయి. పదుల సంఖ్యలో చిన్న చిన్న దుకాణాలు, మధ్యలో నేలకు బిగించిన బల్లలు. ఒక్కో దుకాణంలో ఒకటో రెండో రకాలే చేస్తారు. చేపల పులుసు చేసేవాడు జీవితమంతా అదే చేస్తాడు. పరోటాలు చేసేవాడు పరోటాలే. బ్యాంకు మేనేజరు, బస్సు డ్రైవరు, బడి పిల్లలు అందరూ అవే బల్లల దగ్గర కూర్చుంటారు. ఖాళీ కుర్చీ కనబడితే "ఎవరైనా ఉన్నారా?" అని అడిగి కూర్చోవడమే. బల్ల మీద చేతి రుమాలు కాగితాల చిన్న ప్యాకెట్టు పెట్టి ఉంటే ఆ సీటు ఎవరిదో అయిపోయిందని అర్థం. దీన్ని నాకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకున్న ఊరివాళ్ళం కదా మనం.

ఈ సెంటర్లు వాటంతటవి మొలవలేదు. 1960లలో సింగపూర్ వీధుల నిండా తోపుడు బళ్ళూ, కావళ్ళూ ఉండేవి. నీళ్ళు, మురుగు, ఎలుకలు, అన్నీ సమస్యలే. ప్రభుత్వం 1968, 69లలో వీధి వ్యాపారుల పేర్లు నమోదు చేసింది. సుమారు 18,000 మంది తేలారు. వాళ్ళను తరిమెయ్యలేదు. 1971 నుంచి కుళాయి, కాలువ, కరెంటు ఉన్న సెంటర్లు కట్టి ఒక్కొక్కరినీ అందులోకి మార్చారు. 1986కు, అంటే మేం పదో తరగతి పరీక్షలు రాసే సంవత్సరానికి, ఆ పని పూర్తయింది. ఇప్పుడు అలాంటివి నూటపదికి పైగా ఉన్నాయి. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే కోటలూ గుళ్ళూ ఉన్నట్టే, నలుగురూ ఒకచోట కూర్చుని తినే అలవాటు కూడా కాపాడుకోవలసిన ఆస్తేనని ఒప్పుకున్నట్టు.

మా ఇంటికి దగ్గర్లో ఉన్న సెంటర్లో ఓ మూలన బాతు నూడుల్స్ దుకాణం ఉంది. నడిపే ఆయనకు డెబ్బై దాటాయి. సింగపూర్లో పెద్దవాళ్ళను, వాళ్ళు టాక్సీ నడిపేవాళ్ళయినా టీ కలిపేవాళ్ళయినా, అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు. విజయవాడలో హోటలాయన్ని 'బాబాయ్' అని పిలిచి చివరికి హోటలుకే ఆ పేరు పెట్టుకున్న మనకు ఇందులో వింతేమీ లేదు. నేను ఆయన్ని అంకుల్ అంటాను. ఆయన నన్ను 'బాస్' అంటాడు, అందర్నీ అన్నట్టే.

దుకాణం ముందు అద్దాల పెట్టెలో ముదురు గోధుమ రంగు బాతులు కొక్కాలకు వేలాడుతుంటాయి. మీ వంతు రాగానే నాలుగు ప్రశ్నలు వస్తాయి. ఏ నూడుల్స్? 'క్వే టియో' అంటే వెడల్పుగా తెల్లగా ఉండే బియ్యప్పిండి నూడుల్స్, 'మీ పోక్' అంటే గోధుమపిండితో చేసిన పసుపుపచ్చ పట్టీలు, 'బీ హూన్' అంటే మన సేమ్యాలాంటి సన్నటి బియ్యం నూడుల్స్. పొడిగానా, సూపులోనా? కారం కావాలా, వద్దా? ఇక్కడ తింటావా, పట్టుకెళ్తావా? నా జవాబు ఎప్పుడూ ఒకటే: క్వే టియో, పొడిగా, కారం ఎక్కువ, ఇక్కడే.

ఆయన నూడుల్స్‌ను తీగ జల్లెడలో వేసి మరిగే నీళ్ళలో ముంచుతాడు. కొన్ని సెకన్లు ఉంచి, పైకి లేపి, ఒక్కసారి విదిల్చి ప్లేటులో వేస్తాడు. కాస్త మిరపకాయ ముద్ద, ఒక గరిటె బాతు పులుసు వేసి కలుపుతాడు. పెద్ద కత్తితో బాతును సన్నగా కోసి పైన పరుస్తాడు. పక్కన అదే పులుసులో ఉడికిన గుడ్డు, సోయా పన్నీరు ముక్క, వేరుశనగ గింజలు. చిన్న గిన్నెలో వేడి సూపు, ఇంకో చిన్న గిన్నెలో వెల్లుల్లి, మిరపకాయ, వెనిగర్ కలిపిన పచ్చడి. ఆ పచ్చడిలో అద్దిన బాతు ముక్క నోట్లో పెట్టుకుంటే ముందు పులుపు తగులుతుంది, తర్వాత ఉప్పు, ఆ తర్వాత నెమ్మదిగా దాల్చినచెక్క, అనాసపువ్వు వాసన పైకి వస్తుంది. బాతు కొవ్వు భారం పచ్చడి పులుపుతో విరిగిపోతుంది. ఆవకాయతో ముద్దపప్పు తినేవాళ్ళకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. ఈ దుకాణాల్లో చాలాచోట్ల పంది పేగులూ అదే పులుసులో ఉడుకుతాయి. అవి తిననివాళ్ళు ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఈ వంట టియోచ్యూ వాళ్ళది. చైనాకు ఆగ్నేయాన, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రానికి తూర్పు కొసన, హాన్ అనే నది సముద్రంలో కలిసే చోటు వాళ్ళ సొంత ప్రాంతం. వరిపొలాలు, కాలువలు, చేపలు, బాతులు. మన డెల్టా వాళ్ళకు చూసినట్టే ఉంటుంది. కోతలయ్యాక పొలాల్లో రాలిన గింజల కోసం బాతుల మందలను తోలుకొచ్చేవాళ్ళను కొల్లేరు వైపు వాళ్ళు చూసే ఉంటారు. టియోచ్యూ వాళ్ళ సొంత ఊళ్ళలో పెద్ద విందుకు బాతుకన్నా హంసజాతి పెద్ద పక్షిని ఇలా వండుతారు. సింగపూర్ వచ్చాక ఆ స్థానంలో ఎక్కువగా బాతు వచ్చి కూర్చుంది.

ఆ ప్రాంతపు షాంటౌ రేవు 1860లో విదేశీ వ్యాపారానికి తెరుచుకుంది. అంతకు ముందు నుంచే టియోచ్యూ వాళ్ళు సింగపూర్ వచ్చి మిరియాల తోటలు వేశారు, నది ఒడ్డున బియ్యం, ఎండుచేపల వ్యాపారం చేశారు. ఇప్పుడు అక్కడి చైనీయుల్లో హోక్కియన్ల తర్వాత ఎక్కువ మంది వీళ్ళే. వాళ్ళ భాషలో ఒక మాట ఉంది: 'గా గి నాంగ్'. అంటే 'మనవాళ్ళు'. రైల్లో పక్కసీటు వాడు తెలుగు మాట్లాడితే మనకు ఎలా ఉంటుందో, అచ్చంగా అదే. మనవాళ్ళు కలిసి బడులు కట్టినట్టు వాళ్ళూ కట్టారు. 1845లో పుట్టిన న్గీ ఆన్ కోంగ్సీ అనే వాళ్ళ సంఘం 1963లో పెట్టిన కాలేజీయే ఇప్పటి న్గీ ఆన్ పాలిటెక్నిక్. ఒక సంఘం నూటపద్దెనిమిదేళ్ళు నడిచాక కాలేజీ పెట్టిందంటే, యాభై ఏళ్ళకే మనం అలసిపోనక్కర్లేదు.

ఇక అసలు విషయం, ఆ కుండ. వృత్తి రీత్యా నేను రసాయన కర్మాగారాల్లో పనిచేసే ఇంజినీరును. పెద్ద పాత్ర, కింద మంట, లోపల ద్రవం కనబడితే నా కాళ్ళు అక్కడే ఆగుతాయి. బాతును ఉడికించే పులుసులో సోయా సాస్, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, దాల్చినచెక్క, లవంగాలు, అనాసపువ్వు, కలకండ ఉంటాయి. వీటన్నిటికీ మించి దుంపరాష్ట్రం, మన ఆయుర్వేదం కొట్లో దొరికే అల్లం జాతి దుంప. టియోచ్యూ పులుసుకు గుర్తే దుంపరాష్ట్రం. హోక్కియన్ల బాతు పులుసు చిక్కగా, నల్లగా ఉంటుంది. టియోచ్యూ వాళ్ళది పలచగా, తేలిగ్గా ఉంటుంది.

బాతును కొక్కేనికి తగిలించి ముందు వేడి పులుసు పైన పోస్తారు, తోలు బిగుసుకుంటుంది. తర్వాత ముంచుతారు. కుతకుతా మరగనివ్వరు. మరిగితే తోలు చిట్లిపోతుంది, మాంసం పీచు తేలుతుంది. పైన ఒకటీ రెండూ బుడగలు మాత్రమే వచ్చేలా మంట ఉంచుతారు. మధ్యమధ్యలో తిప్పుతూ గంటకు పైగా ఉంచితే కండను పట్టి ఉంచే గట్టి పీచు కరిగి జిగురుగా మారుతుంది, ముక్క మెత్తబడుతుంది. ఆ జిగురు పులుసులోకి దిగి మర్నాటి బాతుకు ఉపయోగపడుతుంది. ఈలోగా నీరు ఆవిరవుతుంది, ఉప్పు పెరుగుతుంది. అంకుల్ గరిటెతో రుచి చూసి వేడినీళ్ళు పోస్తాడు, మసాలా మూట మారుస్తాడు. మా ప్లాంటులో ఆ పనికి మీటర్లూ కవాటాలూ కంప్యూటరూ ఉన్నాయి. అక్కడ ఒక నాలుక ఉంది.

రాత్రికి పులుసు వడగట్టి, పైన తేలిన కొవ్వు తీసి, మళ్ళీ బాగా మరిగిస్తారు. పారబొయ్యరు. మర్నాడు దానికే కొత్త నీళ్ళూ కొత్త మసాలా చేరుస్తారు. ఆహారాన్ని 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంచకూడదన్నది అక్కడి పరిశుభ్రత పాఠాల్లో మొదటిది, ఎందుకంటే సూక్ష్మజీవులు పెరిగేది ఆ వేడిలోనే. కాబట్టి రోజూ మరిగించడం రుచి కోసమే కాదు, ప్రాణభద్రత కోసం. ఒక్క రాత్రి బద్ధకిస్తే ఆ కుండ పని అయిపోయినట్టే.

ఒక రోజు బేరం పలచగా ఉన్నప్పుడు అడిగాను, "అంకుల్, ఈ పులుసు ఎన్నేళ్ళది?"

"నేను దుకాణం తెరిచిన రోజుది. ముప్ఫై ఏళ్ళు దాటింది" అన్నాడు.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. రోజుకు ఐదో వంతు పులుసు ప్లేట్లలోకి పోయి, ఆ మేరకు కొత్తది చేరుతుందనుకుందాం. మొదటిరోజు పులుసులో మర్నాటికి మిగిలేది 80 శాతం. దానిలో మళ్ళీ 80 శాతం. అలా 30 రోజులు గడిస్తే మిగిలేది దాదాపు ఎనిమిది వందల్లో ఒక వంతు. ఏడాది గడిస్తే చెప్పుకోదగ్గదేమీ ఉండదు. అంటే ముప్ఫై ఏళ్ళనాటి పులుసు ఒక్క చుక్క కూడా ఆ కుండలో లేదు. పిల్లలూ, చక్రవడ్డీ లెక్కలు చేసేవాళ్ళు ఇంటికెళ్ళి ఇది చేసి చూడండి. అది వడ్డీ పెరిగే లెక్క, ఇది తరిగే లెక్క, అంతే తేడా.

మరి అంకుల్ చెప్పింది అబద్ధమా? కాదు. మన అమ్మలు రాత్రి పాలు తోడుపెడతారు. నిన్నటి పెరుగు చెంచాడు, ఇవాళ్టి పాలు గిన్నెడు. మా అమ్మ ఆ తోడు పక్కింటి పిన్నిగారి దగ్గర తెచ్చింది, ఆవిడ వాళ్ళ పుట్టింటి నుంచి తెచ్చింది. ఆ పాలు ఎప్పుడో అయిపోయాయి. కానీ తోడు తెగలేదు. పాతదనం ఉండేది ద్రవంలో కాదు, రోజూ ఆ పని చేసే చేతిలో. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క రాత్రీ మంట పెట్టడం మానలేదు, అందుకే అది ముప్ఫై ఏళ్ళ పులుసు.

అందుకే ఆ చెయ్యి ఆగిపోతే ఏమవుతుందన్నది పెద్ద ప్రశ్న. సింగపూర్లో హాకర్ల నడిమి వయసు 60 దరిదాపుల్లో ఉంది. తెల్లవారుజామున లేవాలి, రోజుకు పది పన్నెండు గంటలు ఆవిరి పక్కన నిలబడాలి. అంకుల్ కూతురు అకౌంటెంటు, కొడుకు కంప్యూటర్ ఉద్యోగి. "మీ అబ్బాయి రాడా?" అని నేను అడగలేదు, ఆయనే చెప్పాడు: "నా కొడుకు ఇలా నిలబడి పని చెయ్యకూడదనే నేను ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాను, బాస్. ఇప్పుడు వాడు రాలేదని ఏడిస్తే ఎలా?"

ఈ మాట మనలో ఎంతమంది నాన్నలు అన్నారో లెక్క వేసుకోండి. ఈ హాల్లో రైతుల పిల్లలున్నారు, నేతపనివాళ్ళ పిల్లలున్నారు, కుమ్మరి ఇంటి పిల్లలున్నారు. మనల్ని ఈ బడికి పంపింది ఆ పని మనం చెయ్యకూడదనే. మనం గెలవడం, ఆ పని ఆగిపోవడం ఒకే నాణానికి రెండు ముఖాలు. దీనికి ఎవర్నీ తప్పు పట్టలేం. కానీ చదువుకున్న పిల్లలు వెనక్కి రారు కాబట్టి పని పోవాల్సిందేనా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది.

ఇందులో డబ్బు సంగతి ఒకటుంది. ఆ ప్లేటు ఐదారు సింగపూర్ డాలర్లు, మన లెక్కలో మూడున్నర, నాలుగు వందల రూపాయలు. బియ్యం, బాతు, గ్యాస్ ఏది పెరిగినా అర డాలరు పెంచడానికి అంకుల్ నెలల తరబడి ఆలోచిస్తాడు. పెంచితే జనం గొణుగుతారు. అదే జనం ఏసీ గదిలో ఇటలీ నూడుల్స్‌కు నాలుగైదు రెట్లు ఇచ్చి మాట్లాడకుండా వస్తారు. 2016లో సింగపూర్లో రెండు హాకర్ దుకాణాలకు మిషెలిన్ నక్షత్రం వచ్చింది. ప్రపంచం పొగిడింది, మంచిదే. కానీ దుకాణం నిలబడేది పొగడ్తతో కాదు. మంగళవారం మధ్యాహ్నం వర్షంలో కూడా వచ్చి తినేవాడితో. మన దగ్గరా అంతే. ఊళ్ళో పెసరట్టు వేసే సత్తెమ్మలూ, మెస్సు నడిపే బాబాయిలూ 'మన సంస్కృతి' అని ఉపన్యాసంలో వింటారు. ప్లేటుకు ఐదు రూపాయలు పెంచితే మాత్రం మన మొహాలు మాడిపోతాయి.

కొన్ని ప్రయత్నాలు జరుగుతున్నాయి. అక్కడి ప్రభుత్వం కొత్తవాళ్ళకు శిక్షణ ఇస్తోంది. తప్పుకోవాలనుకునే పెద్దలను, నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్ళను కలుపుతోంది. మా అంకుల్ దగ్గరికి కొన్ని నెలలుగా ఒక అమ్మాయి వస్తోంది. ముప్ఫై ఏళ్ళుంటాయి, ఆఫీసు ఉద్యోగం మానేసింది. ఆయన బంధువు కాదు, టియోచ్యూ కూడా కాదు. మొదటి నెలంతా నూడుల్స్ ముంచి తియ్యడం, బల్ల తుడవడం. ఇప్పుడు బాతు కొయ్యనిస్తున్నాడు. ముక్కలు ఆయనంత సన్నగా రావు. వరసలో ఉన్నవాళ్ళు ఆ సంగతి గమనిస్తారు, ఏమీ అనరు. కుండ రుచి చూసేది మాత్రం ఇంకా అంకులే. ఆమె నిలబడుతుందో లేదో ఏడాది తర్వాత తెలుస్తుంది. ఒకటి మాత్రం నాకు నచ్చింది. ఆయన చేతిలో సత్తువ ఉండగానే ఆమె పక్కన నిలబడింది. కాగితం మీద రాసుకున్న కొలతలు ఆమెకూ ఉన్నాయి. కానీ ఎన్ని బుడగలు లేస్తే మంట తగ్గించాలో కాగితం చెప్పదు.

ఇక మన సంగతి. మనం చదివిన పెంకుటిల్లు తరగతులు ఇప్పుడు లేవు. బెంచీలు మారాయి, నల్లబల్ల పచ్చబల్ల అయింది, మాస్టార్లలో చాలామంది కాలం చేశారు. లెక్క ప్రకారం మన బడిలో మనం ఎరిగిన చుక్క ఒక్కటీ మిగల్లేదు. అయినా ఇది మన బడే. ఎందుకంటే రోజూ తొమ్మిదింటికి ఎవరో ఒకరు గేటు తీశారు, గంట కొట్టారు, హాజరు పిలిచారు. యాభై ఏళ్ళుగా ఈ సంఘం కూడా అలాగే నడిచింది. ఎవరో పేర్ల పుస్తకం రాశారు, చందాల రసీదులు చింపారు, ఉత్తరాలు పంపారు, పేద పిల్లలకు ఫీజులు కట్టారు.

మన కార్యదర్శి గారికి 68 ఏళ్ళు. ఆ పుస్తకం ఇరవై రెండేళ్ళుగా ఆయన చేతిలోనే ఉంది. పొగడ్తలు ఆయనకు ఇవాళ చాలా వచ్చాయి, శాలువాలు కూడా. నేను ఇంకో శాలువా కప్పను. 2000 తర్వాత పదో తరగతి పాసైన తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ ఒకటే అడుగుతున్నాను. ఈ సాయంత్రం సభ ముగిసే లోపల మీలో ఇద్దరు లేచి వచ్చి ఆయన పక్కన కూర్చోండి. ఏడాది పాటు ఆయనతో కలిసి ఆ పుస్తకం రాయండి. ఎవరి ఇంటికి ఫోన్ చెయ్యాలి, ఎవరి ఇంటికి స్వయంగా వెళ్ళాలి, ఏ పిల్లవాడికి ఫీజు కట్టిన సంగతి ఎవరికీ తెలియకూడదు అన్నవి ఆ పుస్తకంలో లేవు. ఆయన చెయ్యి గట్టిగా ఉండగానే నేర్చుకోండి.

సింగపూర్ వచ్చినవాళ్ళు నాకు ఫోన్ చెయ్యండి. బాతు తినేవాళ్ళను అంకుల్ దగ్గరికి తీసుకెళ్తాను. తిననివాళ్ళకు నాలుగు దుకాణాల అవతల మంచి ఇడ్లీ ఉంది. బల్ల మాత్రం ఒకటే. తిన్నాక ట్రే మనమే తీసి పెట్టాలి, 2021 సెప్టెంబరు నుంచి అక్కడ అది చట్టం. ఈ పూట మన భోజనాల దగ్గర కూడా ఆకులు మనమే తీద్దాం, వంటవాళ్ళు పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు.